హక్కు ఎంత, ఎన్నాళ్లు?
(మంసాపురంలో చేసిన స్మారకోపన్యాసం)



శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద కథ నడిచిన శ్రీవిల్లిపుత్తూరు మన మంసాపురానికి దగ్గరే. ఆ కావ్యాన్ని తమిళంలోకి తెచ్చి సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం అందుకున్న ము.కు. జగన్నాథ రాజా గారిది పక్కనే ఉన్న రాజపాళయం. రాయలవారి పద్యాల మీద ఈనాడు ఎవరికీ కాపీరైటు లేదు. వాటి అనువాదం సంగతి వేరు. ఎవరికీ రాసివ్వనంతవరకు అనువాదం మీద హక్కు అనువాదకుడిదే. ఆయన తదనంతరం 60 ఏళ్లు వారసులది. మూలం అందరి సొత్తయినా అనువాదకుడి శ్రమ అతని సొంతం. ఈ సంగతి తెలియక, ఒక్కసారి చేతికొచ్చిన కొద్దిపాటి డబ్బుకు హక్కంతా వదులుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అందుకే ఈ రోజు రచయితకూ చిన్న ప్రచురణకర్తకూ మధ్య ఉండవలసిన ఒప్పంద కాగితం గురించి మాట్లాడతాను.

హక్కులు చేతులు మారితే ఏమవుతుందో ముందు ఒక కథ చెబుతాను. ఎట్టయపురం మనకు మరీ దూరం కాదు. అక్కడ పుట్టిన తమిళ కవి సుబ్రహ్మణ్య భారతి 1921లో కన్నుమూశారు. భార్య చెల్లమ్మ కొంతకాలం ఆయన పుస్తకాలు వేయించారు. 1931లో ఆ రచనల హక్కులు 4,000 రూపాయలకు భారతి సవతి తమ్ముడు విశ్వనాథన్ చేతికి వెళ్లాయి. పాటలను రికార్డులకూ సినిమాలకూ వాడుకునే హక్కు విడిపోయి ఒక నగల వర్తకుడి దగ్గరికి చేరింది. 1946లో దాన్ని సినీ నిర్మాత ఏవీఎం మెయ్యప్పన్ కొన్నారు. భారతి పాటను తమ 'బిల్హణన్' సినిమాలో పెట్టుకున్న టి.కె.ఎస్. సోదరులకూ మెయ్యప్పన్‌కూ 1948లో తగాదా వచ్చింది. దేశమంతా తనదనుకున్న కవి పాట పాడాలంటే ఒక కంపెనీ అనుమతి కావాలా అని తమిళనాట ఆందోళన రేగింది. 1949లో మద్రాసు ప్రభుత్వమే హక్కులు తీసుకుని, విశ్వనాథన్‌కు 15,000, చెల్లమ్మకూ ఇద్దరు కూతుళ్లకూ తలా 5,000 రూపాయలు ఇచ్చింది. ఆ తర్వాత రచనలను ప్రజలపరం చేసింది.

ఈ కథలో ఎవరినీ దుర్మార్గులనక్కర్లేదు. కొన్నవాళ్లు డబ్బిచ్చే కొన్నారు. పుస్తకం ఒక హక్కు, ధ్వని ఒక హక్కు, సినిమా ఇంకొకటి. వీటిని ఎన్నేళ్లకు ఇస్తున్నామన్న ఆలోచనే అప్పుడు వాళ్లకు తట్టలేదు. నన్ను బాధించేది అదే.

ఇప్పుడు చట్టం రచయిత పక్షాన చాలా దూరం వచ్చింది. 1957 కాపీరైటు చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కు బదిలీ రాతపూర్వకంగా, రచయిత సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. ఏ రచన, ఏయే హక్కులు, ఎంత కాలం, ఏ ప్రాంతం, రాయల్టీ ఎంత అన్నవన్నీ అందులో రాయాలి. గడువు రాయకపోతే ఐదేళ్లుగానే లెక్క. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. అంటే అమెరికాలోని తెలుగువాళ్ల కోసం అక్కడ అచ్చు వేయాలంటే ఆ మాట విడిగా రాసుకోవాలి. వేరే షరతు లేనప్పుడు, తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడకపోతే అది రచయితకే తిరిగి వస్తుంది. ఒప్పందం నాటికి వాడుకలో లేని మాధ్యమానికి, దాని పేరు స్పష్టంగా చెప్పకపోతే, ఆ బదిలీ వర్తించదని 2012 సవరణ చేర్చింది. భారతి పాటలకు అప్పట్లో ఇలాంటి రక్షణ లేదు.

చట్టం ఇంత చెప్పినా మన తెలుగు ప్రచురణ ఎక్కువగా నోటిమాట మీదే నడుస్తోంది. చాలా పుస్తకాలకు అచ్చు ఖర్చు రచయితే పెట్టుకుంటాడు. రాయల్టీ బదులు కొన్ని కాపీలు చేతిలో పెడతారు. సొంత డబ్బుతో వేయించుకున్నప్పుడు ఎదుటివాడు ప్రచురణకర్తా, అచ్చు పని చేసిపెట్టేవాడా అన్నది మొదటే తేల్చుకోవాలి. డబ్బు రచయితది, హక్కు సంస్థది అనే ఏర్పాటును నేను ఒప్పుకోను.

చిన్న ప్రచురణకర్త కష్టం కూడా నాకు తెలుసు. ఎడిటింగు, ముఖచిత్రం, ప్రూఫులు, కాగితం ఖర్చులన్నీ ముందు అతనివే. అమ్మిపెట్టే దుకాణం కమీషను తీసుకుని మిగిలినది ఎన్నో నెలలకు ఇస్తుంది. అలాంటివాడికి ఐదేళ్ల భరోసా ఇవ్వడం న్యాయం. జీవితకాలం అడగడం మాత్రం న్యాయం కాదు. ఏడాదికొకసారి ఎన్ని వేశారో, ఎన్ని అమ్ముడుపోయాయో లెక్క రాసి పంపాలి. పుస్తకం దొరకడం లేదని రచయిత ఉత్తరం రాశాక ఆరు నెలల్లో మళ్లీ అచ్చు వేయకపోతే హక్కు వెనక్కి రావాలి.

ఇంకొకటి. గొడవ వస్తే ఖర్చు ఎవరిదన్నదీ తేల్చుకోవాలి. 2015లో తమిళ రచయిత పెరుమాళ్ మురుగన్ తన నవల మీద చెలరేగిన గొడవకు తట్టుకోలేక, పుస్తకాలు అమ్మవద్దని ప్రచురణకర్తలను కోరారు. వాళ్ల నష్టం తానే భరిస్తానన్నారు. మరుసటి ఏడు మద్రాసు హైకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. కేసు పడితే ఖర్చంతా రచయితదే అనే వాక్యం ఎన్నో ఒప్పందాల్లో ఉంటోంది, రచయితలు చదవకుండానే సంతకం పెడుతున్నారు. కలిసి పుస్తకం తెచ్చినవాళ్లు కోర్టులోనూ కలిసి నిలబడాలి. ఆ మాట కూడా రాసుకోవాలి.

చివరిగా, పత్రం ఏ భాషలో ఉండాలన్న సంగతి. ఇక్కడ తమిళనాట మన ఇళ్లలో తెలుగు మాట్లాడతాం. చదువు తమిళంలో సాగింది. తెలుగు లిపి రానివాళ్లు మనలో చాలామంది. హైదరాబాదు నుంచో చెన్నై నుంచో ఇంగ్లీషులో పత్రం వస్తే, తమిళంలోనో తెలుగులోనో మీరు చదవగల ప్రతి అడగండి. అది చేతికొచ్చాకే సంతకం పెట్టండి.