నిదానానికి కావలసిన బలం

అంతిమయాత్రలా అతి నెమ్మదిగా సాగే ఫ్యూనరల్ డూమ్ మెటల్‌ను వాయించడం చేతకానివాళ్ల నిదానమని కొట్టిపారేసేవారున్నారు. అది న్యాయం కాదు. 1990లలో ఫిన్లాండ్‌లో థెర్గోథాన్, స్కెప్టిసిజం బృందాలు దీనికి రూపమిచ్చాయి. స్వీడన్‌లో డ్రాకోనియన్ బృందపు గిటారిస్టు జోహాన్ ఎరిక్సన్ ‘డూమ్:వీఎస్’ పేరుతో 2006లో ఒంటరిగా తెచ్చిన తొలి ఆల్బమ్ ‘ఏటర్నమ్ వాలే’ కూడా ఈ దారిదే. ఇంత నెమ్మదిలో డ్రమ్ము దెబ్బ రవ్వంత తప్పినా దాగదు. గిటారు తీగ మోత సన్నగిల్లి ఆరిపోయేదాకా చెవి దాని వెంటే ఉంటుంది. ఢిల్లీ కమానీ ఆడిటోరియంలో నిదానంగా సాగే హిందుస్తానీ విలంబిత ఖయాల్ విన్నవారికి ఈ ఓపిక కొత్త కాదు. ఉస్తాద్ అమీర్ ఖాన్ 14 మాత్రల ఝూమ్రా తాళంలో అతి విలంబంగా పాడుతుంటే, సమం కోసం, అంటే తాళం తిరిగి మొదలయ్యే మాత్ర కోసం, ఎదురుచూడటమే సగం సంగీతం అయ్యేది.

మన చావు డప్పు జోరుగానే మోగుతుంది కదా, దుఃఖానికి ఇంత నత్తనడక ఎందుకు అని అడగవచ్చు. నిజమే. కానీ డప్పు ఊరిని కూడగట్టి పాడె వెంట నడిపిస్తుంది. ఈ సంగీతం అందరూ వెళ్లిపోయాక ఇంట్లో మిగిలిన మనిషిది. అందుకే ఒక్కరే అన్నీ వాయించి రికార్డు చేయడం ఇక్కడ లోటుగా వినిపించదు. దెబ్బకూ దెబ్బకూ నడుమ ఎంతసేపు ఆగాలో ఒకే మనసు తేల్చుకుంటుంది.