క్రొత్త బండికి తుప్పు కాపుదల

క్రొత్తగా పికప్ బండి కొన్న ఇంట మొదటి రోజు జరుగు వేడుక మనకందరకు తెలిసినదే. పసుపు కుంకుమలు, చక్రముల క్రింద నిమ్మకాయలు, ఎదుట గుమ్మడికాయ. బండి పూలదండతో వీధిలో నిలిచియుండగా వంగి దాని అడుగుభాగమును చూచువారు మాత్రము ఒక్కరును ఉండరు. నిజమునకు చూడవలసిన చోటు అదియే. అప్పు తెచ్చి కొన్న బండికి వాయిదాలు తీరకమునుపే అడుగున చిల్లులు పడుటను కోస్తా జిల్లాలలో మేము పలుమారు చూచియున్నాము. ఇంజను బాగుగనే యుండును. దానిని మోయు ఇనుము పోవును. ఇంజనుకు మరమ్మతు కలదు. తుప్పు తినివేసిన ఛాసిస్‌కు అతుకులే గాని మందు లేదు.

తుప్పు అనునది ఇనుము, నీరు, గాలిలోని ఆక్సిజను కలిసి చేయు పని. నీటిలో ఉప్పు చేరినచో అది విద్యుత్తును మరింత సులభముగా ప్రసరింపజేయును. తుప్పు పట్టుటయు ఒక చిన్న బ్యాటరీలో జరుగు చర్య వంటిదే కనుక పని వేగిరపడును. దీనిని ఇంటనే పరీక్షింపవచ్చును. గరుకు కాగితముతో రుద్ది శుభ్రపరచిన ఇనుపరేకు మీద ఒక ఉప్పునీటి చుక్కను ఉంచి, కొన్ని గంటలు కదల్పక విడువవలెను. గోధుమరంగు తుప్పు వలయమువలె ఏర్పడును. కాని ఇనుము కరగునది ఆ వలయము లోపల, చుక్క నడుమ. చుక్క అంచున గాలి బాగుగా తగులును, నడుమ తక్కువగా అందును. గాలి తక్కువైన చోటనే లోహము నశించును. 1920ల దశకములో కేంబ్రిడ్జిలో యూలిక్ ఎవాన్స్ అను శాస్త్రజ్ఞుడు ఇట్టి చుక్కతోనే ఈ రహస్యమును విశదపరచెను.

బండి గలవారు ఈ చుక్కను మరువరాదు. బురద ముద్ద క్రింద, రెండు రేకుల అతుకు సందున, తడిసిన గోనె క్రింద గాలి తక్కువ, తడి ఎక్కువ. ఎండకు గాలికి తెరచియున్న ఇనుము కంటె కప్పబడిన ఇనుము త్వరగా పోవుటకు కారణమిదియే. తలుపు మీది గీత కనబడిన వెంటనే మనము రంగు పూయింతుము. తలుపు లోపలి అడుగున నిలిచిన నీరు మనకు కనబడదు.

ఢిల్లీలోని ఇనుపస్తంభము పదునారు వందల ఏండ్లుగా నిలిచియుండగా మన బండి ఏల నిలువదని కొందరు అడుగుదురు. ఆ ఇనుములో భాస్వరము హెచ్చు. దానివలన పైన ఒక రక్షకపు పొర ఏర్పడినది. ఢిల్లీ గాలి పొడిగా ఉండుటయు దానికి మేలు చేసినది. అది కాక, ఆ స్తంభము మీద ఎవరును మంచుతో కూడిన చేపల బుట్టలు మోయింపలేదు.

చేపల మాట వచ్చినది గనుక చెప్పుచున్నాము. నిజాంపట్నము రేవు నుండి గాని, భీమవరము చుట్టుపట్ల చెరువుల నుండి గాని చేపలు, రొయ్యలు మోయు బండ్లలో మంచు కరగి, ఉప్పుతో కలిసి, తొట్టి అతుకుల గుండ దిగువ ఛాసిస్ మీదికి కారును. నీరు ఆరినను ఉప్పు మిగులును. గాలిలో తేమ నూటికి 75 పాళ్ళు దాటినచో మనము తిను ఉప్పే చెమర్చి నీరగును. సముద్రపు ఉప్పులో మెగ్నీషియము లవణములు కూడ ఉండుటచే అది ఇంకను తక్కువ తేమకే చెమర్చును. కనుక కడుగక వదలిన బండి షెడ్డులో రాత్రియంతయు తడిగానే ఉండును. సముద్రము తమకు దూరమని వరంగల్లు, కరీంనగరు వారు నిశ్చింతగా ఉండరాదు. పొలమునకు మోయు పొటాషు ఎరువు పొటాషియము క్లోరైడే; అదియు ఉప్పు జాతిదే. చినిగిన బస్తా నుండి రాలిన గుప్పెడు ఎరువు తొట్టి మూలలో వానకు తడిసినచో రొయ్యల నీరు చేయు పనినే చేయును.

ఇక కాపుదల. నేటి వాహనముల క్యాబిన్ రేకులను కర్మాగారములో ఫాస్ఫేటు ద్రావణమున ముంచి, పిదప విద్యుత్తు సహాయమున తొలిపూత పట్టించెదరు. ఇప్పుడు వాడుకలోనున్న తీరున ఈ పద్ధతి 1970ల దశకము నుండి వ్యాపించినది. అది మంచి పూత. దానిని చెడగొట్టునది తరచుగా మనమే. బండి ఇల్లు చేరకమునుపే దానిని బాడీ కట్టు షెడ్డునకు తోలుకొనిపోయి, పైన కమ్మీలు, ప్రక్కల రేకులు వెల్డింగు చేయింతుము. ఆ వేడికి రేకు రెండవ వైపు పూత కూడ మాడిపోవును. డ్రిల్లుతో వేసిన ప్రతి రంధ్రపు అంచున పచ్చి ఇనుము బయటపడును. షెడ్డువారు పైకి కనిపించు వైపు రంగు వేసి ఇత్తురు. యజమాని ఆ రోజున అచ్చటనే నిలిచి, మాడిన పూతను లోపలి వైపు కూడ గీకించి, రెడ్ ఆక్సైడ్ ప్రైమరు, దానిపై రంగు వేయింపవలెను. ఒక పూట పని. దీనికి మించిన లాభసాటి పని బండి జీవితములో మరియొకటి లేదని మా అభిప్రాయము.

అడుగున వేయు నల్లని తారు పూతను గూర్చి మాకు కొంత అనుమానము కలదు. మా బండికే ఒకమారు అట్టి పూత వేయించితిమి. పనివాడు ఉదారుడై తలుపుల అడుగున, పెట్టె కమ్ముల క్రింద ఉన్న నీరుకారు రంధ్రములను కూడ తారుతో పూడ్చివేసెను. రెండు వానకాలములు గడచునప్పటికి తలుపుల అడుగు అంచులు అప్పడమువలె పొరలు లేచినవి. తప్పు తారుది మాత్రమే కాదు. పూడిన రంధ్రములను చూడని మాది కూడ. అడుగుపూత వేయదలచినచో బండి క్రొత్తగా ఉన్నప్పుడే, కడిగి, పూర్తిగా ఆరనిచ్చి వేయింపవలెను. తడి మీదనో, పాత తుప్పు మీదనో వేసిన దట్టమైన పూత పగిలినచో, ఆ పగులులో దూరిన నీరు బయటికి రాదు. పైకి నలుపు నిగనిగలాడుచుండగా లోపల చుక్క పని చేసికొనుచుండును. తలుపులు, ఛాసిస్ కమ్ములు మున్నగు బోలు భాగములకు గట్టిపడని మైనపు ద్రవమును సన్నని గొట్టముతో లోపలికి చిమ్మించుట మేలు. అది సందులలోనికి ప్రాకును, పగులదు. కాని ఏడాదికో రెండేండ్లకో మరల చిమ్మింపవలసి యుండును. కొందరు డ్రైవర్లు కాలిన ఇంజను ఆయిలును అడుగున కొట్టుదురు. అది రబ్బరు బుష్‌లను ఉబ్బించి పాడుచేయును. నేల మీద కారి నూతినీటిని చెరచును. మేము దానిని మెచ్చము.

అన్నిటికంటె చౌకయైన మందు మంచినీరు. లోడు దించిన రోజుననే తొట్టిని, దానికంటె ముఖ్యముగా అడుగును, చక్రముల పై గుమ్మటములను, కమాను కట్టల సందులను క్రింది నుండి కొట్టి కడుగవలెను. తీరగ్రామములలో పెక్కుచోట్ల బోరు నీరే ఉప్పగా ఉండును. అట్టిచోట కాలువ నీరు గాని, కుళాయి నీరు గాని వాడవలెను. కడిగిన పిదప వెనుక తలుపు తెరచి గాలికి నిలుపవలెను. తొట్టిలో రబ్బరు చాప ఉన్నచో దానిని ఎత్తి వేరుగా ఆరవేయవలెను. వారమునకొకమారు నీరుకారు రంధ్రములలో చీపురుపుల్ల దూర్చి చూచుట పిల్లలకు కూడ అప్పగింపదగిన పని.

తక్కిన సంరక్షణలో ఆయిలు, ఫిల్టర్లు, గ్రీజు మొదలగువాని గడువులు బండితో ఇచ్చు పుస్తకములోనే ఉండును. వానిని ఏకరువు పెట్టము. బ్రేకుల సంగతి మాత్రము విడువరాదు. ఛాసిస్ వెంట సాగు సన్నని ఉక్కు గొట్టములలో బ్రేకు ద్రవము నడచును. ఈ గొట్టములకు క్లిప్పులు పట్టుకొన్న చోట బురద నిలిచి, వెలుపలి నుండి తుప్పు తినును. బ్రేకు ద్రవము గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది గనుక లోపలి నుండియు తినును. గొట్టము పలుచనైన సంగతి మామూలుగా నొక్కినప్పుడు తెలియదు. నిండు బరువుతో ఏటిగట్టు దిగుచు గట్టిగా నొక్కినప్పుడు పగులును. ద్రవమును రెండేండ్లకొకమారు మార్పించుట, క్లిప్పుల చోట గుడ్డతో తుడిచి చూచుట ఖర్చు పెద్దగా లేని పనులు. బ్యాటరీ కొనలకు శుభ్రపరచి వాజలీను పూయుట కూడ అట్టిదే.

వానలు వెనుదీసిన పిదప, కార్తీకములో ఒక ఉదయము, బండిని సర్వీసు గుంట మీద నిలిపి క్రిందికి దిగవలెను. చేత ఒక లైటు, ఒక చిన్న సుత్తి చాలును. ఛాసిస్ వెంట అడుగడుగునకు మెల్లగా తట్టుచు పోవలెను. గట్టి ఇనుము ఖంగుమనును; లోపల పొరలు లేచినది బొద్దుగా పలుకును. అట్టి చోట సుద్దముక్కతో గుర్తు పెట్టి, తీగ బ్రష్షుతో మెరయు లోహము కనబడువరకు గీకి, ఆరిన పిదప ప్రైమరు వేసి, మరుసటి వారము మరల తట్టి చూడవలెను.