ప్రేమకథ, పైగా నవ్వులు: పిల్లలు చూడొచ్చా?

చిప్పగిరిలో అయినా, ఆదోనిలో అయినా, సీరియల్ అంటే ఇప్పుడు టీవీ ఒక్కటే కాదు. పదో తరగతి పాప చేతిలోని ఫోను కూడా. అందులో ప్రేమకథ, పైగా నవ్వులు. చూడనివ్వాలా, వద్దా?

మొదట గుర్తు చూడండి. ఓటీటీలో కథ మొదలవగానే తెర మూలన వయసు గుర్తు వస్తుంది. యూ/ఏ 13 ప్లస్, 16 ప్లస్, పెద్దలకే అయితే ఏ. కేంద్రం 2021లో పెట్టిన నిబంధన ఇది. అయితే ఆ గుర్తు వేసేది సెన్సార్ బోర్డు కాదు, ఆ ఓటీటీ సంస్థే. అందుకే గుర్తు ఒక్కటే చాలదు. మొదటి భాగం పిల్లల పక్కన కూర్చుని చూడండి.

ఉదాహరణకు, '30 వెడ్స్ 21' అనే వెబ్ సిరీస్ యూట్యూబ్‌లో వచ్చింది. ముప్పై ఏళ్ల అబ్బాయికి, ఇరవై ఒకటేళ్ల అమ్మాయికి పెళ్లి. నవ్వొస్తుంది, నిజమే. అందులో అమ్మాయి పెద్దదే. కానీ చిన్న వయసులోనే బడి మానిపించి పెళ్లి చేసే మాట మన పడమటి మండలాల్లో ఇంకా వినబడుతోంది కదా! "ఈ పెళ్లి నీకెలా అనిపించింది?" అని పాపను అడగండి. ఇలాంటి కథల్లో అమ్మాయి వద్దన్నా వెంటపడితే అది హాస్యమా అని బాబునూ అడగండి. కసరొద్దు, అడగండి చాలు.

సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, గుంటూరు పోయేవాళ్లకు ఒక మాట. పిల్లలు అవ్వ దగ్గర, ఫోను పిల్లల దగ్గర ఉంటుంది. 13 ప్లస్, ఆపై కథలకు తాళం వేసే వీలు ఓటీటీలో ఉంటుంది. బండెక్కే ముందే వేసి పోండి.