బందరు కోటలో ఒక దినము



పొరుగింటి పుల్లకూర రుచి యను సామెత యాత్రల విషయమునను సత్యమే. కాశీరామేశ్వరములు సేవించి వచ్చిన మనము బందరునకు మాత్రము వ్యాజ్యమునకో వైద్యమునకో పోయి, పని ముగియగానే బస్సెక్కి మరలుదుము. ముప్పదియేండ్లు బడిపిల్లలకు చరిత్ర బోధించిన నేనును అట్టివాడనే. ఉద్యోగము విరమించిన పిమ్మట, మొన్నటి శీతకాలమున, మనుమని వెంటబెట్టుకొని దివిసీమనుండి బయలుదేరి, ఏ పనియు పెట్టుకొనక ఒక దినమంతయు ఆ పట్టణమును చూచితిని.

ఉదయమున కోటకు బోయితిమి. అది ఊరికి సుమారు రెండు మైళ్ల దూరమున, సముద్రపువైపున, బురదనేలల నడుమ నున్నది. నేడు పాడువడిన కట్టడములే మిగిలినవి. ఒకప్పుడు ఈ రేవు గోలకొండ సుల్తానులకు ధనద్వారము. 1605లో డచ్చివారును, 1611లో ఇంగ్లీషువారును ఇచట వర్తకమునకు దిగిరి. 1750లో బందరు ఫ్రెంచివారి వశమయ్యెను. కోటగోడల వెలుపలి బురదయే తమకు రెండవ ప్రాకారమని వారు నమ్మిరి. 1759 ఏప్రిలు 7వ తేదీ రాత్రి కర్నలు ఫోర్డు సైనికులు మోకాటిలోతు బురదలో నడచి వచ్చి కోటపై బడిరి. విజయనగర ప్రభువు ఆనందగజపతిరాజు సేనలును వారికి తోడైనవి. తెల్లవారునప్పటికి కోట ఇంగ్లీషువారిదయ్యెను. నమ్మిన బురదయే శత్రువునకు త్రోవ యిచ్చినది!

మనుష్యులకు లొంగిన కోట సముద్రమునకును లొంగక తప్పలేదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి గాలివానతో ఉప్పెన వచ్చి ఊరిని ముంచెను. ముప్పదివేలమంది మృతిచెందిరని చెప్పుదురు. బందరు వైభవము మరల తలయెత్తలేదు.

గోడలు నిలువలేదు గాని చేతిపని నిలిచినది. మనుమనికి బందరు లడ్డు కొనిపెట్టి, మధ్యాహ్నమున పెడనకు పోయి కలంకారీ అద్దకము చూచితిమి. గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో ముంచి యారవేయుదురు. ఇనుపతుక్కు, బెల్లము నానిన నీటితో అద్దిన చోట నలుపు తేలును. పటిక అద్దిన చోట, వేరుల రంగులో ఉడికించినప్పుడు ఎరుపు తేలును. పూర్వము పారశీక దేశమున కెగుమతియైన వస్త్రములివి. కొయ్య అచ్చును గుడ్డపై నుంచి పిడికిట గ్రుద్దుచున్న పెద్దాయన, "మా నాన్న నేర్పాడండీ, ఆయనకు వాళ్ల నాన్న" అని మాత్రము చెప్పెను.

తిరిగి బందరు చేరి డచ్చివారి శ్మశానవాటికకు వచ్చునప్పటికి ప్రొద్దు వాలెను. అచటి రాతిపలకలపై మృతుల పేర్లును, వంశచిహ్నములును ఉబ్బెత్తుగా చెక్కబడియున్నవి. మూడు వందల యేండ్లకు పైబడినను పలువురి పేర్లు చదువవచ్చును. మనుమడు ఒక్కొక్క రాతిని తడవి చూచి, "తాతయ్యా, ఉప్పెనలో పోయిన మనవాళ్ల రాళ్లేవి?" అని యడిగెను.

నాకు మాట రాలేదు. వాడు 1864 నాటి సంగతి యడిగెను. నాకు 1977 నవంబరు 19 జ్ఞప్తికి వచ్చెను. ఆ దినమున దివిసీమను ముంచిన ఉప్పెనలో నా తోటి విద్యార్థులు ఐదుగురు పోయిరి. ఆ రాత్రి యింటికి వచ్చి వారి పేర్లు వ్రాయబూనితిని. నాలుగు వ్రాసితిని. అయిదవవాని ముఖము తెలియును, వాని యిల్లు తెలియును, వాడు గట్టిగా పద్యము చదువు తీరు తెలియును. పేరు మాత్రము రాలేదు. ఎందరో రాజుల పేర్లు పిల్లలచేత వల్లెవేయించిన నాకు, నా ప్రక్కపలకవాని పేరు లేకపోయెను.

పెద్దలారా! మన ఊళ్లలో ఆనాటి ఉప్పెనను కన్నులార చూచినవారు ఇంకను ఉన్నారు. రాతిపలకలు చెక్కించు స్తోమతు అందరికిని ఉండదు. కాని నోటుపుస్తకము లేని యిల్లు లేదు. మీ వీధిలో పోయినవారి పేరు, తండ్రి పేరు, ఇల్లున్న తావు వ్రాయించుడు. పిల్లలచేత వ్రాయించిన మరియు మేలు. వ్రాసిన చేయి మరువదు. ఆ పిల్లలను ఒకసారి బందరు తీసికొనిపోయి ఆ కోటను, ఆ రాళ్లను చూపుడు.

నా పుస్తకములో అయిదవ వరుస ఇంకను ఖాళీగా నున్నది. ఆ బాలుని అక్కగారు పొరుగూర నున్నదని విన్నాను. ఇన్నేండ్లకు పోయి, "అమ్మా, నీ తమ్ముని పేరు మరచితిని" అనుటకు సిగ్గగుచున్నది. ఐనను రేపు ఉదయమే పోయి యడిగెదను.

సెలవు.