కథ చెబుతున్నది ఎవరు?

ఈ వారం టీనేజి పిల్లల నవలల గురించి, ముఖ్యంగా వాటిలో కథ ఎవరి గొంతుతో నడుస్తుందన్న దాని గురించి నాలుగు మాటలు చెబుదామనుకుంటున్నాను. నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాదండీ. సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుని. సోమవారం తెల్లవారకుండానే విమానం ఎక్కి, గురువారం రాత్రికి ఇల్లు చేరే బాపతు. ఈ విషయం నా దాకా వచ్చింది మా అమ్మాయి హోంవర్కు వల్ల.

తనకి పదమూడేళ్లు, ఎనిమిదో తరగతి. స్కూల్లో ‘ది అవుట్‌సైడర్స్’ చదివిస్తున్నారు. ఎస్.ఇ. హింటన్ రాసిన నవల. 1967లో అచ్చయింది. ఆవిడ పదిహేనో ఏట మొదలుపెట్టి, పద్దెనిమిదో ఏట అచ్చులో చూసుకున్నారు. మగపిల్లల ముఠాల కథ ఆడపిల్ల రాసిందంటే విమర్శకులు నమ్మరేమోనని పేరుకి బదులు పొడి అక్షరాలు వేశారు.

కథ చెప్పేది పోనీబాయ్ అనే పద్నాలుగేళ్ల కుర్రాడు. అమ్మానాన్నా కారు ప్రమాదంలో పోయారు. ఇరవై ఏళ్ల పెద్దన్న డారీ కాలేజీ చదువు వదులుకుని, ఇళ్ల పైకప్పులు వేసే పని చేస్తూ తమ్ముళ్లిద్దరినీ సాకుతుంటాడు. పోనీబాయ్ దృష్టిలో మాత్రం డారీ ఉత్త బండరాయి. ఎప్పుడు చూసినా చదువు గొడవ, కేకలు. ఒక రాత్రి కుర్రాడు బయటే నిద్రపోయి రెండింటికి ఇంటికొస్తాడు. మాటా మాటా పెరిగి అన్న చెయ్యి చేసుకుంటాడు. తమ్ముడు పారిపోతాడు. అసలు కష్టాలన్నీ అక్కణ్ణుంచే.

తనంటే అన్నకి ఇష్టం లేదని పోనీబాయ్ నమ్మకం. కాని అతను చెప్పే వివరాలే మనకి వేరే సంగతి చెబుతాయి. రాత్రి రెండింటిదాకా ఆ అన్న మేలుకునే ఉన్నాడు కదా! అమ్మానాన్నల్లాగే తమ్ముడు కూడా చెయ్యి జారిపోతాడేమోనని డారీ భయం. ఆస్పత్రిలో అన్న ఏడవడం చూసేదాకా కుర్రాడికి అది తెలియదు. అన్నీ తెలిసిన రచయిత్రి గొంతుతో చెప్పి ఉంటే ఈ ముక్క మొదటి పేజీలోనే తేలిపోయేది. మనకి నీతిపాఠం మిగిలేది.

ఇది మనకి కొత్తేమీ కాదు. ముళ్లపూడి వెంకటరమణగారి బుడుగు కూడా ‘నేను’ అనే చెబుతాడు. వాడికి అర్థంకానిది మనకి అర్థమవుతుంది కాబట్టి నవ్వొస్తుంది. టీనేజి నవలలో అదే తేడా గుచ్చుకుంటుంది. ఎందుకంటే చెప్పే పిల్లాడిదీ చదివే పిల్లదీ ఇంచుమించు ఒకే వయసు. వాడు పొరబడిన చోట తనూ పొరబడుతుంది.

నవల చివర్లో ఇంకో సంగతి బయటపడుతుంది. మనం ఇంతసేపూ చదివింది పోనీబాయ్ ఇంగ్లీషు క్లాసు కోసం రాసిన వ్యాసమేనట! అంటే అన్న మనసు తెలిశాక కూడా, తెలియనప్పటి కోపాన్ని దాచకుండా రాశాడన్నమాట. అది నాకు చాలా నచ్చింది.

ఇక హోంవర్కు. ఏదైనా ఒక సంఘటనని ఇంకో పాత్ర వైపునుంచి రాయమన్నారు. మా అమ్మాయి ఆ రాత్రి రెండు గంటల ఘట్టం తీసుకుని డారీ చెబుతున్నట్టు రాసింది. అందులో డారీ మాటిమాటికీ గడియారం చూసుకుంటాడు. తమ్ముడు రాగానే, “ఇదంతా నీ మంచికే చెబుతున్నా” అంటాడు. అది అచ్చంగా నా మాట. ఆ కింద ఇంకో వాక్యం ఉంది: “భయమేస్తోందని చెప్పడం నాకు చేతకాదు, అందుకే అరుస్తాను.”

అది డారీ గురించి రాసిందో, నా గురించి రాసిందో నేను అడగలేదు. మూడేళ్లలో ప్రాజెక్టుల కోసం రెండు ఊళ్లు మార్చాం. ఆ కథని ఇంట్లో ఎప్పుడూ నేనే చెబుతూ వచ్చాను, మంచి అవకాశాలు వచ్చాయని. తను చెబితే ఎలా ఉంటుందో ఎన్నడూ వినలేదు.

పోయిన గురువారం ఇంటికెళ్లి మార్కులు అడగలేదు. పాత స్కూల్లో స్నేహితుల గురించి చెప్పమన్నాను. గంటన్నర చెప్పింది. నేను మధ్యలో రెండుసార్లు సర్దిచెప్పబోయి ఊరుకున్నాను.

మీ పిల్లలు చదివే నవల ఒకటి తీసుకుని మీరూ చదవండి. కథ ఎవరు చెబుతున్నారో చూడండి. ఆ తరవాత మీ ఇంటి కథ కూడా వాళ్లని చెప్పనివ్వండి. సెలవు.