నిప్పుబంతిని చూసిన కళ్లు, కొలిచిన యంత్రాలు



ఐప్పసి వానలో పిడుగు పడ్డాక నిప్పుబంతి ఒకటి వాకిట్లో తేలుతూ పోయిందని మీ అవ్వ చెబితే నవ్వేయకండి. దాన్ని బాల్ లైట్నింగ్ అంటారు. దాని గురించి శాస్త్రానికి తెలిసినదాంట్లో ఎక్కువ భాగం అలా చూసినవాళ్లు చెప్పిందే.

1963లో జెన్నిసన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త విమానంలో పోతుంటే, పిడుగు తగిలిన కాసేపటికి ఒక వెలుగుబంతి పైలట్ గది వైపునుంచి సీట్ల నడుమ దారిలో వచ్చింది. ఆయన కంగారుపడి ఊరుకోలేదు. బంతి అడ్డం సుమారు 20 సెంటీమీటర్లు, నేలనుంచి ఎత్తు 75 సెంటీమీటర్లు అని గుర్తుపెట్టుకుని 1969లో ‘నేచర్’ పత్రికలో రాశారు. సాక్ష్యమంటే అదీ!

ఇక యంత్రం మాట. 2012 జులైలో చైనాలోని చింగ్‌హై పీఠభూమిలో మామూలు మెరుపులను చిత్రించడానికి పెట్టిన పరికరాలకు అనుకోకుండా ఒక బంతి దొరికింది. సుమారు 900 మీటర్ల దూరం, ఒకటిన్నర సెకను పైచిలుకు. ఆ వెలుగును విడదీసి చూస్తే సిలికాన్, ఇనుము, కాల్షియం గుర్తులు కనబడ్డాయి. మూడూ మట్టిలో ఉండేవే. పిడుగు వేడికి ఆవిరైన మట్టే అలా మండుతుందనే వాదానికి ఇది బలమిచ్చింది. మరి విమానంలోకి మట్టి ఎక్కడిది? అందుకే ఆ ఒక్క రికార్డుతో కథ ముగియలేదు, చూసినవారి మాట అవసరం తీరలేదు.

కోయంబత్తూరు పిల్లలకు కొండెక్కితే ఊటీ. అక్కడ విశ్వకిరణాల కోసం కట్టిన గ్రేప్స్-3 కేంద్రం ఉంది. 2014 డిసెంబరు 1న ఒక ఉరుముల మబ్బు పైన నిలిచిన 18 నిమిషాలు మ్యూవాన్ కణాల రాక తగ్గింది. ఆ తగ్గుదలనుంచి మబ్బులోని విద్యుత్తు 130 కోట్ల వోల్టులని లెక్కగట్టి 2019లో ప్రకటించారు. అది నిప్పుబంతి కాదు, కానీ అదీ వేరే పనికి పెట్టిన యంత్రమే.

మరి అవ్వను ఎలా అడగాలి? “ఎంత పెద్దది?” అంటే లాభం లేదు. నిమ్మకాయంతా, టెంకాయంతా? కిటికీ కమ్మీలకు ఇవతలా, అవతలా? కన్ను తిప్పితే అదీ తిరిగిందా? తిరిగితే అది మెరుపు కంట్లో మిగిల్చిన మచ్చ కావచ్చు. ఎంతసేపు అని అడక్క, ఎట్లా పోయిందో చేత్తో చూపమని గడియారం చూడండి. ఇంకొకరు చూసుంటే ఇద్దరినీ విడివిడిగా అడగండి. అవ్వ ఇంటి తెలుగులో చెప్పింది తమిళంలోకో ఇంగ్లీషులోకో మార్చకుండా ఆ మాటల్లోనే రాయండి. తెలుగు రాయడం రాకపోతే తమిళ అక్షరాల్లోనైనా సరే. తారీకు, వేళ మాత్రం మరవొద్దు. ఆ వేళ లేకపోతే ఏ కేంద్రపు రికార్డుతోనూ పోల్చలేం.

ఉరుములప్పుడు దీనికోసం మిద్దె ఎక్కొద్దు. వాన వెలిశాక అడిగితే చాలు.