వార్త మోయువారి వంతు



మన రాయలసీమ సరిహద్దున, పావగడ తాలూకా చెన్నకేశవపురపు మెట్టచేలలో, బెంగుళూరు విజ్ఞానసంస్థవారు స్విట్జర్లాండు పండితులతో కలిసి, నేలతేమను తీగలేకయే తెలుపు యంత్రములను నిలిపిరి. ఆ వృత్తాంతము 2007లో ప్రకటితమైనది.

అట్టివి సత్యవేడు చెఱువుల క్రింద 100 నిలిపితిమనుకొనుడు. అన్నియు అన్నిటి వార్తలను మోసినచో బ్యాటరీలు వ్యర్థముగా తఱిగిపోవును. కావున కొన్నిటినే వాహకములుగా నెన్నుకొనవలెను. మిగిలిన ప్రతిదానికిని వార్త యందునంత చేరువలో నొక వాహకముండవలెను. వాహకములు తమలో గొలుసుగా కలియవలెను. అన్నిటికంటె చిన్న గొలుసును కనుగొనుట మిక్కిలి కష్టము. దానికి చేరువైనదానిని త్వరగా కూర్చు పద్ధతులను 1998లో గుహా, ఖుల్లరు పండితులు ప్రకటించిరి.

అయినను నేను ముఖ్యముగా విన్నవించునది వేఱు. మోయునవే ముందుగా ఆఱిపోవును. గొలుసు తెగినచో చేనంతయు మూగవోవును. ఒక్క నీరుగంటియే రేయింబవళ్లు కాలువ కాచునా? గొలుసు చిన్నదైన చాలదు; మోయువారు వంతులవారీగా మాఱవలెను.